గుండ్లకమ్మకు ఎగువన



ఒంగోలు పేరు చెబితే లోకానికి గిత్త గుర్తొస్తుంది. బ్రెజిల్ దాకా పోయి అక్కడ మందలుగా పెరిగిన జాతి మనది. పులి పేరు చెబితే మాత్రం ఒంగోలు ఎవరికీ గుర్తురాదు, ఒంగోలు వాళ్లకే గుర్తురాదు. మనకు తెలిసిన భూమి వేరు. పొగాకు బేరన్లు, మిరప కల్లాలు, పత్తి చేలు, చీమకుర్తి గ్రానైటు లారీలు, కొత్తపట్నం సముద్రం. అడవి అంటే కొండపల్లి బొమ్మల వెనక గీసిన రంగుబొమ్మ లాంటిదేమో అన్నట్టు మాట్లాడుకుంటాం.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు ఇటు వచ్చి కలిశాయి. వాటితోపాటు నల్లమల కూడా వచ్చింది. రెండేళ్లకు జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆ తర్వాత జిల్లాల గీతలు మారుతూ వచ్చాయి గాని, అడవి ఉన్నచోటే ఉంది. ఒంగోలు నుంచి పడమటికి వంద కిలోమీటర్లు పోతే మార్కాపురం. ఇంకొంచెం పోతే పెద్ద దోర్నాల. అక్కడ అటవీశాఖ గేటు దాటితే పులులు తిరిగే నేల.

నల్లమల పచ్చగా నిగనిగలాడే కేరళ అడవి కాదు. ఆకు రాల్చే అడవి. మాఘమాసం దాటేసరికి చిరుమాను, నల్లమద్ది, టేకు బోడిగా నిలబడతాయి. తపసి చెట్టు తెల్లటి కాండంతో, ఒక్క ఆకు లేకుండా, వెన్నెల్లో చూస్తే భయపెడుతుంది. ఎండాకాలంలో తొలిసారి చూసినవాళ్లు ఇదేం అడవయ్యా, అంతా ఎండిపోయిందే అంటారు. ఎండిపోలేదు, ఓపిక పట్టింది. తొలకరి పడ్డ పది రోజులకు అదే కొండ మీద దారి కనపడదు. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, ఎలుగు, రేచుకుక్క, అలుగు, చిరుత, వాటన్నిటి పైన పులి. ఇవన్నీ ఈ ఎండు అడవిని నమ్ముకున్నవే.

పులి సంగతికి వచ్చేముందు ఒక సాలీడు కథ చెప్పాలి. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక కొత్త జాతి సాలీడును లోకానికి పరిచయం చేశాడు. అరచేతంత ఉంటుంది, ఒళ్లంతా మెరిసే నీలిరంగు. దాని నమూనా దొరికింది అనంతపురం వైపు గుత్తిలో, రైల్వే కట్టెల అడితిలో. ఒక్కటే దొరికింది, అదీ దెబ్బతిన్నది. దాంతో లోకం దానికి గుత్తి పేరే పెట్టుకుంది. గుత్తి చుట్టూ ఎంత వెతికినా రెండోది కనపడలేదు. వందేళ్లు దాటాక, 2001లో, అది అసలు ఉండే చోటు తెలిసింది: నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవి. కట్టెల బండిలోనో రైల్లోనో గుత్తి దాకా ప్రయాణం చేసిన ప్రాణి అది! పాత చెట్ల తొర్రల్లో కాపురం ఉంటుంది. ప్రపంచం మొత్తంలో దాని నివాసం వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదని లెక్క. అంతరించే ప్రమాదం అంచున ఉన్న జాతుల పట్టికలో ఉంది. విదేశాల్లో దాన్ని గాజుపెట్టెల్లో పెంచుకుంటారు, సరదాకి. మన గిద్దలూరు వాళ్లలో ఎంతమంది దాన్ని చూసుంటారు? ముదురు చెట్టు ఒకటి కొడితే తొర్ర పోతుంది, తొర్రతో పాటు ఆ సంసారం పోతుంది. పులికైతే పేరుంది, పథకం ఉంది, పటాలం ఉంది. ఈ సాలీడుకు ఉన్నదల్లా పులి నీడ. పులి కోసం కాపాడిన అడవిలో అదీ బతికిపోతోంది.

మన దేశంలో పులుల పథకం 1973లో మొదలైంది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యం చేశారు, 1983లో పులుల పథకంలో చేర్చారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, ప్రకాశం, గుంటూరు, ఈ అయిదు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలో అంత పెద్ద పులుల అభయారణ్యం మరొకటి లేదని చెప్పుకునేవాళ్లం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణ అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది. ఇవతలిది మనకు మిగిలింది. పులికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు గనక అది వీలున్నప్పుడు ఏరు ఈదుకుంటూ వస్తూ పోతూనే ఉంటుంది.

మధ్యలో ఒక చీకటి కాలం ఉంది. నల్లమలలో తుపాకులు మోగిన ఏళ్లు. 2004 అక్టోబరులో శాంతి చర్చల కోసం నక్సలైటు అన్నలు అడవి నుంచి బయటికి వచ్చింది మన చిన్నారుట్ల దగ్గరే. అంతకు ముందు చాలాకాలం ఫారెస్టు సిబ్బంది లోపలికి పోవడానికి జంకేవారు. పులులెన్నో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? అలికిడి తగ్గాక గాని చెట్టుచెట్టుకూ కెమెరాలు కట్టి, చారలు పోల్చి లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ కుదురుకోలేదు. మన వేలిముద్రల మాదిరే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. 2018 అంచనాలో మన రాష్ట్రానికి 48 పులులు తేలాయి. 2022లో 63. దేశం మొత్తం మీద 2006లో 1,411 అనుకున్నవి 2022కి 3,682 అయ్యాయి. సంతోషమే. కాకపోతే పులి పెరిగితే దానికి చోటు కావాలి. మగపులి తన ఇలాకాలో మరో మగపులిని రానివ్వదు. పిల్లలు పెద్దవై కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి నడుస్తాయి. గిద్దలూరు మీదుగా లంకమల, అక్కడి నుంచి పెనుశిల, శేషాచలం. ఈ దారిలో రోడ్లున్నాయి, రైలు పట్టాలున్నాయి, తోటలున్నాయి, కంచెలున్నాయి.

2023 మార్చి గుర్తుందా? నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురంలో నాలుగు పులికూనలు ఊరి పక్కనే కనపడ్డాయి. తల్లి లేదు. కుక్కలు పీక్కుతింటాయని ఊరివాళ్లు వాటిని తెచ్చి గదిలో పెట్టి కాపాడారు. అటవీశాఖ వాళ్లు తల్లిని వెతికారు, రాత్రుళ్లు కాపు కాశారు. తల్లి రాలేదు. చివరికి కూనలను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ కాదు. నాకు ఆ వార్తలో తట్టింది ఒక్కటే: పులికూన కనపడితే కర్ర పట్టకుండా పాలు పట్టడానికి చూసిన ఊరు అది. అడవి అంచున ఉండేవాళ్లకు జంతువులంటే పగ అని పట్నంలో అనుకునే మాటకు ఆ ఊరు సరిపోదు.

అసలు పగ ఎక్కడుందంటే అడవిపందితో ఉంది. వేరుశెనగ, మొక్కజొన్న వేసిన రైతును అడగండి చెబుతాడు. పంట చేతికొచ్చే వారం ముందు పందుల మంద ఒక్క రాత్రిలో పొలాన్ని దున్నిపోతుంది. అందుకే ఆ వైపు పొలాల చుట్టూ పాత చీరలు కడతారు, ఎర్రవీ పచ్చవీ, గాలికి రెపరెపలాడుతుంటాయి. బస్సులో పోయేవాళ్లకు ఏదో జాతర అనిపిస్తుంది. ఇంటావిడ పెళ్లినాటి చీర కూడా ఆ కంచెలో ఉండొచ్చు. చీరతో ఆగకపోతే కొందరు కరెంటు తీగ లాగుతారు. ఇక్కడే తిరకాసు. ఆ తీగకు పంది, పులి, పక్కపొలం రైతు అనే తేడా లేదు. పందికని పెట్టిన నాటుబాంబును ఆవు కొరుకుతుంది. ఇలా తీగలు, బాంబులు పెట్టడం చట్టరీత్యా నేరం, ఏడేళ్ల దాకా జైలు అని చెప్పేవాళ్లున్నారు. చెప్పాల్సిందే. అదే నోటితో, పోయిన పంటకు నష్టపరిహారం ఆలస్యం లేకుండా ఎట్లా అందుతుందో కూడా చెబితే తీగలు తగ్గుతాయని నా నమ్మకం. జైలు గురించి ఎంత గట్టిగా చెబుతామో, పరిహారం గురించి అంత మెల్లగా చెబుతున్నాం.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో తెల్లదొరలు అడవికి హద్దురాళ్లు పాతారు. తాతలనాటి నుంచి పశువులు మేపుకున్న చోట మేపితే పుల్లరి కట్టమన్నారు. పల్నాడు రైతులు కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర వాళ్ల నాయకుడు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. ఆ పల్నాటి అడవులూ, మన దోర్నాల అడవులూ ఒకే కొండల వరస. పుల్లరి పోయింది, దొరలు పోయారు, హద్దురాళ్లు మాత్రం ఉన్నాయి. అవి ఉండాలనే నేనూ అంటాను. రాయి లేకపోతే ఈపాటికి అడవి ఏ రియల్ ఎస్టేటు బోర్డు కిందికో పోయేది. అయితే రాయికి లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అనేది వేరే ప్రశ్న.

లోపల ఉన్నది చెంచులు. ఎర్రగొండపాలెం మండలం పాలుట్ల మొదలు దోర్నాల వైపు చింతల, తుమ్మలబైలు వరకు గూడేలు. శ్రీశైలం మల్లన్నను తమ అల్లుడంటారు, అహోబిలం నరసింహుణ్ణీ అల్లుడే అంటారు. అటు శైవానికీ ఇటు వైష్ణవానికీ పిల్లనిచ్చిన ఇల్లు ఇంకెక్కడైనా ఉందా? 1940 ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు నైజాం వైపు చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. దున్నకుండా, దాచుకోకుండా అడవి ఇచ్చింది తిని బతికిన మనుషుల గురించి. ఇప్పుడు అంత లేదు. రేషను బియ్యం వచ్చింది, బడి వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది. తేనె తీయడం మాత్రం పోలేదు.

నిట్టనిలువు కొండచరియకు పెద్ద తేనెటీగల పట్టు వేలాడుతుంటుంది. పైనుంచి తీగతాడు దించుతారు. పొగ రాజేసుకుని ఒక మనిషి తాడు మీద దిగుతాడు. పైన తాడు పట్టుకునేది బావమరిదే అయివుండాలంటారు. ఎందుకంటే చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు కొసనే ఉన్నాయి కాబట్టి పట్టు వదలడు. అన్నదమ్ములను కూడా నమ్మని చోట బావమరిదిని నమ్మిన ఈ లెక్క ముందు బీమా కంపెనీలు ఏపాటి! ఆ తేనె, తపసిబంక, చిల్లగింజలు, కుంకుళ్లు గిరిజన సహకార సంస్థ కొంటుంది. బయటి వ్యాపారి కూడా కొంటాడు, తన తూకంతో. ఎండాకాలంలో మనం తాగే నన్నారి షర్బతు వేళ్లు కూడా అలాంటి కొండల నుంచే వస్తాయి. ఇక్కడొక చిక్కు. తేనె తీస్తే ఈగ మళ్లీ పెడుతుంది. వేరు తవ్వితే తీగ చస్తుంది. మైదానంలో గిరాకీ పెరిగేకొద్దీ కొండ మీద తవ్వకం పెరిగింది. తవ్విన చేయి చెంచుదే కావచ్చు, తాగిన నోరు మనది.

ఇదే చెంచులు ఇప్పుడు పులికి కాపలా. అడవి లోపల బేస్ క్యాంపులని ఉంటాయి. అయిదారుగురు మనుషులు, ఒక రేకులషెడ్డు, కాస్త బియ్యం, పప్పు, ఒక వాకీటాకీ. రోజూ కాలినడకన గస్తీ. ఉచ్చులు వెతకడం, కెమెరాలు చూడడం, ఎండాకాలం సాసర్ గుంతల్లో నీళ్లు నింపడం. ఈ కాపలాదార్లలో చాలామంది చెంచు కుర్రాళ్లు. అడుగుజాడ చూసి ఆడదో మగదో, ఎంతసేపటి కిందట పోయిందో చెప్పేస్తారు. డిగ్రీ చదివిన అధికారి వాళ్ల వెనక నడుస్తాడు. ఇన్ని చెప్పగల ఆ కుర్రాడి ఉద్యోగం మాత్రం దినకూలీ లెక్కనే. పులుల సంఖ్య పెరిగిందని ఢిల్లీలో పత్రం విడుదలైనప్పుడు ఇతని పేరు అందులో ఎక్కడా ఉండదు.

పైగా పులుల అడవి నడిబొడ్డున మనుషులు ఉండకూడదనే వాదం ఒకటి ఎప్పుడూ ఉంది. ఖాళీ చేస్తే కుటుంబానికి ఇచ్చే మొత్తం 2008లో 10 లక్షలు, 2021లో దాన్ని 15 లక్షలు చేశారు. చట్టం చదివితే స్పష్టంగానే ఉంది. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడూ, అదే ఏడు అటవీ హక్కుల చట్టం చేసినప్పుడూ రాసుకున్నదే: ముందు వాళ్ల హక్కులు గుర్తించాలి, ఆ తర్వాత గ్రామసభ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే తరలింపు. బలవంతం కుదరదు. కొన్ని కుటుంబాలు పోదామనుకోవచ్చు. ఆసుపత్రి కావాలి, పిల్లలకు కాలేజీ కావాలి, తప్పేముంది? ఉండిపోతామనేవాళ్లనూ ఉండనివ్వాలి. నాకు నచ్చనిదల్లా పులి కావాలా చెంచు కావాలా అని పందెం పెట్టినట్టు మాట్లాడడం. చెంచులు ఉన్న అడవిలోనే ఇన్నేళ్లూ పులి బతికింది. రోడ్డు, నిప్పు, కరెంటు తీగ, ప్లాస్టిక్, వీటిలో గూడెం నుంచి పోయేది ఎంత, మన వైపు నుంచి పోయేది ఎంత?

నిప్పు సంగతే చూడండి. ఫిబ్రవరి నుంచి మే దాకా రాలిన ఆకు మోకాలి లోతు పడి ఉంటుంది. తనంతట తాను అంటుకునే నిప్పు తక్కువ. పశువుల కాపరి కొత్త గడ్డి కోసం పెడతాడు, యాత్రికుడు వంట చేసుకుని ఆర్పకుండా పోతాడు, ఎవరో బీడీ పారేస్తాడు. తిలాపాపం తలా పిడికెడు. ఇప్పుడు ఉపగ్రహం నిప్పును పసిగట్టి, సిబ్బంది ఫోనుకు సందేశం పంపుతుంది. సందేశం క్షణంలో వస్తుంది, మనిషి పచ్చికొమ్మ పట్టుకుని అక్కడికి చేరడానికి పూట పడుతుంది. మంట పోయినచోట చిన్న మొలకలు చస్తాయి, ఆ ఖాళీలోకి లాంటానా ఎగబాకుతుంది. దుప్పికి అది మేతకు పనికిరాదు. దుప్పి తగ్గితే పులి పొలాల వైపు చూస్తుంది. గడ్డి కోసం పెట్టిన నిప్పు కాపరి మందకే చుట్టుకుంటుంది.

కాలిన కొండతో ఒంగోలుకేం సంబంధం అంటారా? గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలో, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. కొండల నుంచి దిగి కంభం చెరువులో పడుతుంది. విజయనగర రాజుల నాటి చెరువు. రెండు కొండల మధ్య కట్ట వేసి, సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల మీద పడ్డ వానను పట్టారు. అక్కడి నుంచి ఏరు మార్కాపురం, అద్దంకి తిరిగి మన మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర రిజర్వాయరు నింపి సముద్రంలో కలుస్తుంది. ఆకు చెత్త ఉన్న కొండ మీద పడ్డ వాన ఇంకి, నెలలపాటు ఊటగా దిగుతుంది. కాలి బోడైన కొండ మీద పడ్డ వాన ఒకే పూట మట్టితో సహా దిగుతుంది. మట్టి చెరువులో మిగులుతుంది, నీళ్లు వరదై పోతాయి. 2022 ఆగస్టు ఆఖరున మల్లవరం ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వెళ్లాక మరొకటి. కళ్ల ముందే నీళ్లు సముద్రం పాలవుతుంటే జనం గట్టు మీద నిలబడి చూశారు. గేటు గురించి ఊరూవాడా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. గేటుకు ఎగువన రెండు వందల కిలోమీటర్ల ఏరుంది, దాని మొదట్లో అడవుంది. ఆ మాట ఏ సభలోనూ వినపడలేదు.

ఇక వెలిగొండ. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నీళ్లు తీసుకుని, నల్లమల కడుపులోంచి దాదాపు 19 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. 43.5 టీఎంసీలు తెచ్చి మార్కాపురం, కనిగిరి వైపు ఇవ్వాలని. కనిగిరిలో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిన మనుషులను చూసినవాడెవడూ ఆ సొరంగం వద్దనలేడు. నేనూ అనను. అలాగని అడవికి ఏమీ కాదనీ చెప్పలేను. తవ్విపోసిన రాయి ఎక్కడ పడుతుంది, లారీలు ఏ దారిన తిరుగుతాయి, మునిగే ఊళ్లవాళ్లు ఎక్కడికి పోతారు, అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. తెలంగాణ వైపు ఇదే నల్లమల కింద తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పైన పులుల అడవి ఉంది గనక మధ్యలో దారులు తవ్వే వీల్లేని సొరంగం అది. కొండ లోపల ఏముందో కొండకే తెలుసు. అదే అమ్రాబాద్‌లో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు, 2019 సెప్టెంబరులో అక్కడి శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. కరువు నేలకు నీళ్లు తేవడమూ, యురేనియం తవ్వడమూ ఒక గాటన కట్టేవి కావు. అభివృద్ధి అనే ఒక్క మాట కింద రెండూ పెట్టి ఔనో కాదో చెప్పమంటే నేను చెప్పను.

చివరగా, ఈ అడవిలో మనం ఎక్కువగా వాడేది శ్రీశైలం పోయే దోర్నాల రోడ్డు. శివరాత్రికీ, కార్తీక మాసానికీ ఒంగోలు నుంచి ఎన్ని కార్లు, ఎన్ని బస్సులు! దోర్నాల గేటు రాత్రి 9కి మూస్తారు, తెల్లవారి 6కి తీస్తారు. ఆ తొమ్మిది గంటలు రోడ్డు జంతువులది. మూశారని గేటు దగ్గర వాచరు మీద అరిచేవాళ్లను చూస్తుంటాం, మల్లన్న పేరు చెప్పి మరీ అరుస్తారు. కోతులకు అరటిపండ్లు విసిరేవాళ్లూ ఉన్నారు. పండు రోడ్డు మీద పడుతుంది, కోతి రోడ్డు మీదికి వస్తుంది, వెనక వచ్చే బస్సుకు బ్రేకు పడదు. దుప్పి ఉప్పు కోసం చిప్స్ కవరు నాకుతుంది, కవరుతో సహా మింగుతుంది. కాబట్టి ఈసారి శ్రీశైలం పోయేవాళ్లు మధ్యాహ్నం భోజనం కాగానే ఒంగోలు దాటండి. మార్కాపురంలో టీ తాగినా చీకటి పడకముందే దోర్నాల చేరతారు. ఘాటులో బండి నలభై మీద పోనివ్వండి. ఆలస్యమైతే దోర్నాలలోనే ఆగండి, పొద్దున ఆరింటికి తీసే గేటుకు మీరే మొదటి బండి అవుతారు.